పక్కలో గొట్టం వేసే ముందు: ఊపిరితిత్తి ముడుచుకున్న రోగికి లోకల్ మత్తు ఇచ్చే పద్ధతి

ఛాతీలో చేరిన గాలిని బయటికి తీయడానికి పక్కలో గొట్టం వేస్తున్నప్పుడు రోగి కేక వార్డు దాటి వినబడిందంటే సాధారణంగా కారణాలు రెండే. మత్తుమందు ప్లూరా (ఊపిరితిత్తినీ ఛాతీ గోడ లోపలి వైపునూ కప్పే పల్చటి పొర) దాకా చేరి ఉండదు, లేదా చేరిన మందు పనిచేసే దాకా డాక్టరు ఆగి ఉండడు. రెండూ సరిదిద్దుకోగలిగినవే. నేను జిల్లా ఆసుపత్రిలో ఛాతీ వ్యాధుల వైద్యురాలిని. ఏటా వచ్చే హౌస్ సర్జన్లకు, పీజీలకు పడక పక్కన నిలబడి చెప్పేదంతా ఒకచోట ఉంటే రాత్రి డ్యూటీలో ఉన్నవారికి పనికొస్తుందని రాస్తున్నాను. ఇది చదివేసి ఎవరూ ఒంటరిగా పనికి దిగవద్దు. మొదట్లో చేయి తిరిగిన సీనియర్ పక్కన ఉండి తీరాలి.

మన దగ్గరికి ఇలా వచ్చేవారిలో అన్ని రకాల వాళ్లూ ఉంటారు. సన్నగా, పొడుగ్గా, సిగరెట్ అలవాటున్న కుర్రవాడు ఉన్నట్టుండి పక్కపోటుతో వస్తాడు. క్షయతో ఊపిరితిత్తులు దెబ్బతిన్న మనిషి దగ్గుతూ దగ్గుతూ ఒక్కసారిగా ఊపిరాడక అల్లాడుతుంది. ఏళ్ల తరబడి బీడీలు తాగి సీఓపీడీ (శ్వాసనాళాలు ఇరుకైపోయే దీర్ఘకాలిక జబ్బు) తెచ్చుకున్న పెద్దాయన వస్తాడు. బైకు మీద నుంచి పడి పక్కటెముకలు విరిగినవారు వస్తారు. లోపల జరిగింది మాత్రం ఒకటే. ఊపిరితిత్తికీ ఛాతీ గోడకూ మధ్యకు గాలి చేరింది, ఊపిరితిత్తి ముడుచుకుపోయింది. వీరందరికీ గొట్టం అక్కర్లేదు. అంతగా ఆయాసం లేని కుర్రవాళ్లను కనిపెట్టుకుని ఉంటే చాలు, కొందరికి సూదితో గాలి లాగితే సరిపోతుంది. గొట్టం తప్పదని తేలిన తర్వాతి సంగతే ఇక్కడ చెబుతున్నాను.

నొప్పి విషయంలో నేనింత పట్టుబట్టడానికి జాలి ఒక కారణం, వైద్యం ఇంకో కారణం. ముడుచుకున్న ఊపిరితిత్తి విచ్చుకోవాలంటే రోగి నిండా ఊపిరి పీల్చాలి, గట్టిగా దగ్గాలి. గొట్టం వేసేటప్పుడు నరకం చూసిన మనిషి ఆ తర్వాత పైపైనే ఊపిరి తీసుకుంటాడు. దగ్గు వస్తే పక్క పట్టుకుని అణచుకుంటాడు. కఫం అడుగున పేరుకుపోతుంది. ఒకవేళ గొట్టం జారిపోయి రెండోది వేయవలసి వస్తే ఇంటికి పోతానంటాడు గానీ అనుమతి పత్రం మీద సంతకం పెట్టడు. అంటే మొదటి ఐదు నిమిషాల్లో మనం చేసే పని తర్వాతి వారమంతా అతని వెంట ఉంటుంది.

ఆగకూడని ఒక్క సందర్భం

టెన్షన్ న్యూమోథొరాక్స్ (ఛాతీలో చేరిన గాలి ఒత్తిడి పెరిగి గుండెను నొక్కేసే స్థితి) వస్తే ఈ వ్యాసంలోని మాటలన్నీ పక్కన పెట్టండి. బీపీ పడిపోతోంది, మెడ సిరలు ఉబ్బాయి, శ్వాసనాళం ఆరోగ్యంగా ఉన్న వైపుకు జరిగింది, ఊపిరితిత్తి ముడుచుకున్న పక్క గాలి శబ్దమే లేదు, మనిషి చెమటలు కక్కుతూ నీలబడుతున్నాడు. అప్పుడు ఎక్స్‌రే కోసం, మత్తు కోసం చూడకూడదు. పెద్ద సూదితో వెంటనే గాలి బయటికి వదలాలి. పెద్దవారిలో నాలుగో లేదా ఐదో పక్కటెముకల సందులో, చంక మధ్యగీతకు కాస్త ముందు గుచ్చాలని 2018లో వచ్చిన ఏటీఎల్ఎస్ (ప్రమాద బాధితుల చికిత్సపై డాక్టర్లకిచ్చే శిక్షణ) పదో కూర్పు చెప్పింది. అంతకుముందు కాలర్ ఎముక కింద రెండో సందు అనేవారు. ఛాతీ గోడ మందంగా ఉన్నవారిలో అక్కడి నుంచి మామూలు సూది లోపలికి అందకపోవడమే ఈ మార్పుకు కారణం. గాలి బుస్సుమని వచ్చి బీపీ నిలబడ్డాక, గొట్టం వేసే ముందు మత్తు మామూలుగానే ఇవ్వవచ్చు.

వయల్ తెరిచే ముందు లెక్క

మన ఆసుపత్రుల్లో ఎక్కువగా దొరికే లోకల్ మత్తుమందు 2% లిగ్నోకెయిన్, 30 మి.లీ. వయల్ (మందు సీసా). 2% అంటే మి.లీ.కి 20 మి.గ్రా. వయల్ మొత్తంలో 600 మి.గ్రా. ఉందన్నమాట. ఈ అంకెను మనసులో పెట్టుకోండి. ఎందుకంటే అడ్రినలిన్ కలపని లిగ్నోకెయిన్ కిలో బరువుకు 3 మి.గ్రా. దాటకూడదని, ఎంత బరువున్నా 250 మి.గ్రా. మించకూడదని మా విభాగంలో నియమం. కిలోకు 4.5 మి.గ్రా. వరకు ఇవ్వవచ్చని కొన్ని పుస్తకాల్లో ఉంటుంది. పక్కటెముకల మధ్య ఆ అంకెను నేను ఒప్పుకోను. శరీరంలో నరాల చుట్టూ మందు ఇచ్చే చోట్లన్నింటిలోనూ పక్కటెముకల సందు నుంచే అది రక్తంలోకి అతి త్వరగా, అతి ఎక్కువగా చేరుతుంది. అక్కడ రక్తనాళాలు అంత దట్టంగా ఉంటాయి. ప్లూరా లోపలికి పడిన మందు కూడా అంతే వేగంగా పీల్చుకోబడుతుంది. పైగా ఒక ఊపిరితిత్తి మీదే బతుకుతున్న రోగికి ఆక్సిజన్ తక్కువై, రక్తంలో కార్బన్ డయాక్సైడ్, ఆమ్లం పెరిగి ఉంటాయి. ఆ స్థితిలో ఫిట్స్ రావడానికి తక్కువ మందే చాలు.

మాకు తరచుగా ఎదురయ్యే లెక్క చూడండి. క్షయతో చిక్కిపోయిన స్త్రీ, బరువు 40 కిలోలు. మూడు చొప్పున 120 మి.గ్రా. అంటే 2% మందు 6 మి.లీ. మాత్రమే. చర్మం, కండ, ఎముక పైపొర, ప్లూరా అన్నింటికీ 6 మి.లీ. చాలదు. చాలదని ఇంకో 6 మి.లీ. లాగితే మోతాదు రెట్టింపు అవుతుంది. ఇక్కడ చేయవలసింది సమానంగా నార్మల్ సెలైన్ కలపడం. 6 మి.లీ. మందులో 6 మి.లీ. సెలైన్ కలిపితే 1% మందు 12 మి.లీ. వస్తుంది. మి.గ్రా. అంతే, పరిమాణం రెట్టింపు. ఈ నరాలను మొద్దుబార్చడానికి 1% చాలు. ఈ పనిలో మందు ఎంత ఘాటుగా ఉంది అన్నదానికన్నా ఎన్ని పొరలకు చేరింది అన్నదే ముఖ్యం. సిరంజి మీద ‘1%’ అని టేపు అంటించండి. ట్రేలో రెండు రకాల సిరంజిలు పేరు లేకుండా పడి ఉండటం నేను అస్సలు సహించను.

బరువు కళ్లతో అంచనా వేయవద్దు. దుప్పటి కప్పుకుని కూర్చున్న క్షయ రోగిని చూసి 50 కిలోలు అనుకుంటాం, తూకం మీద 36 ఉంటుంది. నిలబడలేకపోతే ఇంట్లోవాళ్లను అడగండి. క్షయ మందులు బరువును బట్టే ఇస్తారు కాబట్టి చికిత్స కార్డులో రాసి ఉంటుంది.

మోతాదు లెక్కలో చాలామంది మరిచిపోయేది, అంతకుముందే ఒంట్లోకి వెళ్లిన లిగ్నోకెయిన్. ప్రమాదంలో వచ్చినవారికి తల మీద గాయం కుట్టడానికి వాడి ఉంటారు. మూత్రపు గొట్టం వేయడానికి జెల్లీ వాడి ఉంటారు. బ్రాంకోస్కోపీ (శ్వాసనాళాల్లోకి కెమెరా గొట్టం వేసి చూడటం) తర్వాత ఊపిరితిత్తి ముడుచుకున్నవారికి గొంతులో స్ప్రే కొట్టి ఉంటారు, 10% స్ప్రే ఒక్కో పఫ్‌కు 10 మి.గ్రా. ఇవన్నీ ఒకే ఖాతాలో పడతాయి. ఈ మందును కరిగించేది కాలేయం. కాలేయ జబ్బు, గుండె వైఫల్యం, బాగా వయసు పైబడటం, వీటిలో ఏది ఉన్నా నేను మోతాదు తగ్గిస్తాను.

అడ్రినలిన్ 1:2,00,000 కలిపిన లిగ్నోకెయిన్ అయితే కిలోకు 7 మి.గ్రా. వరకు పరిమితి పెరుగుతుంది, రక్తస్రావం తగ్గుతుంది, పనిచేసే సమయం పెరుగుతుంది. కుర్రవాళ్లకు బాగుంటుంది. గుండె జబ్బున్న పెద్దాయనకు, ఇప్పటికే నాడి 130 కొడుతున్నవారికి వద్దు. బ్యుపివకెయిన్ అనే ఇంకో లోకల్ మత్తుమందు ఎక్కువ గంటలు పనిచేస్తుంది గానీ ఆలస్యంగా పట్టుకుంటుంది, గుండె మీద దెబ్బ ఎక్కువ. గొట్టం వేయడానికి దాన్ని నేను వాడను. తర్వాత నొప్పి తగ్గించే బ్లాకుల్లో (నరాలను మొద్దుబార్చే సూదుల్లో) దాని చోటు ఉంది.

‘టెస్ట్ డోస్’ అలవాటు గురించి కూడా చెప్పాలి. ముంజేతి మీద చిన్న బొబ్బలా మందు ఎక్కించి, ఎర్రబడలేదని కేసు షీటులో రాసి, ఇక భయం లేదనుకుంటారు. లిగ్నోకెయిన్‌కు నిజమైన అలర్జీ చాలా అరుదు. మనం ఎక్కువగా భయపడవలసింది మోతాదు మించడం, మందు రక్తనాళంలోకి పోవడం. ఆ రెండింటినీ ముంజేతి మీది బొబ్బ ముందుగా చెప్పలేదు. మీ ఆసుపత్రి నియమం ఉంటే చేయండి, కానీ అది చేశాం కదా అని రోగిని ఈ ప్రశ్న అడగడం మానవద్దు: ‘‘ఇంతకుముందు పన్ను పీకించుకున్నప్పుడో, కుట్లు వేసినప్పుడో మత్తు సూది పడలేదా?’’

సూది దారి

మొదట ఎక్స్‌రేను మీ కళ్లతో చూడండి, రోగి పేరు, తేదీ, కుడి ఎడమ గుర్తు చూడండి. సీఓపీడీ ఉన్నవారిలో ఊపిరితిత్తిలోని పెద్ద గాలి బుడగ అచ్చం ముడుచుకున్న ఊపిరితిత్తిలాగే కనిపిస్తుంది. అనుమానం ఉంటే సీటీ తీయించే దాకా సూది ముట్టవద్దు.

రోగిని 45 డిగ్రీల వాలులో పడుకోబెట్టి, ఆ వైపు చేతిని తల వెనక పెట్టించండి. సిరలో కాన్యులా (మందులు ఎక్కించే చిన్న గొట్టం) ముందే ఉండాలి, వేలికి ఆక్సిజన్ కొలిచే పరికరం ఉండాలి, ఆక్సిజన్ నడుస్తూ ఉండాలి. ముందు పెక్టోరాలిస్ మేజర్ (రొమ్ము కండరం) అంచు, వెనుక లాటిసిమస్ డోర్సై (వీపు కండరం) అంచు, కింద ఐదో సందు మట్టం, పైన చంక. ఈ త్రికోణంలోనే పని. చనుమొన మట్టం అని పుస్తకాల్లో ఉన్నా స్త్రీలలో ఆ గుర్తు మోసం చేస్తుంది, సందులు లెక్కపెట్టుకోండి. స్త్రీ రోగి అయితే పక్కన నర్సు ఉండాలి, తెర వేయాలి, అవసరమైనంత మేరకే బట్ట తొలగించాలి. సిగ్గుతో ముడుచుకుపోయిన మనిషి పక్కటెముకల సందులు కూడా ముడుచుకుంటాయి.

సూది పట్టుకునే ముందు ఏం జరగబోతోందో చెప్పండి. నేను చెప్పేది దాదాపు ఇదే: ‘‘పెద్దయ్యా, ముందు చీమ కుట్టినట్టు ఉంటుంది. తర్వాత కాసేపు మంట. ఆ తర్వాత నొక్కుతున్నట్టు, తోస్తున్నట్టు తెలుస్తుంది, అది పోదు. కోసినట్టు నొప్పి మాత్రం తెలియకూడదు. తెలిస్తే ‘ఆపమ్మా’ అనండి, ఆపేస్తాను.’’ నొక్కుడు తెలుస్తుందని ముందే చెప్పకపోతే, అది తెలియగానే మత్తు పడలేదని రోగి భయపడతాడు. ఆపుతానన్న మాట ఇచ్చాక నిజంగా ఆపాలి.

ఆ మంటకు కారణం మందులోని ఆమ్లగుణం. 10 మి.లీ. లిగ్నోకెయిన్‌లో 1 మి.లీ. సోడియం బైకార్బొనేట్ అప్పటికప్పుడు కలిపితే మంట బాగా తగ్గుతుంది. బ్యుపివకెయిన్‌లో కలపవద్దు, పలుకులు కడుతుంది. నెమ్మదిగా ఎక్కించడం అన్నింటికన్నా తేలికైన ఉపాయం. 1943లో స్వీడన్‌లో నిల్స్ లొఫ్‌గ్రెన్ ఈ మందును తయారు చేసినప్పుడు ఆయన సహచరుడు బెంగ్ట్ లుండ్‌క్విస్ట్ మొదట తన ఒంటికే పొడుచుకుని చూశాడు. ఆ మంట ఎలా ఉంటుందో మనకూ ఒకసారి తెలిస్తే చేయి దానంతటదే నెమ్మదిస్తుందని నా నమ్మకం.

50 కిలోల మనిషిని ఉదాహరణగా తీసుకుందాం. 150 మి.గ్రా., అంటే 1% మందు 15 మి.లీ. మొదట 26 నంబరు సూదితో చర్మంలోనే, కోత పెట్టబోయే పొడవునా, నారింజ తొక్కలా ఉబ్బేటట్టు 2 మి.లీ. అక్కడి నుంచి సూది మార్చండి. అంగుళం సూది లావుపాటివారిలో ప్లూరాకు అందదు, చాలా కేకలకు మూలం అక్కడే. 22 నంబరు, అంగుళంన్నర సూది తీసుకోండి. కొవ్వులో, కండలో కలిపి 3 మి.లీ. ప్రతి కదలికకు ముందు పిస్టన్ వెనక్కి లాగాలి. రక్తం రాకపోతేనే మందు, సూది ముందుకు జరిపితే మళ్లీ లాగి చూడటం.

ఇప్పుడు సూది మొన కింది పక్కటెముకకు తగులుతుంది. ఎముక పైపొర విపరీతంగా నొప్పి పుట్టే చోటు. గొట్టం వెళ్లేటప్పుడు ఫోర్సెప్స్ రుద్దుకునేది దానికే. అక్కడ 3 మి.లీ. వదలండి. తర్వాత మొనను మెల్లగా పైకి నడిపించి ఎముక పై అంచు మీదుగా జారనివ్వండి. పక్కటెముక కింది అంచును ఆనుకుని సిర, ధమని, నరం నడుస్తాయి కాబట్టి, ఏ సందులోనైనా కింది ఎముక పై అంచు మీదుగానే మన దారి.

ఇక్కడి నుంచి అడుగడుగునా పిస్టన్ లాగుతూ వెళ్లాలి. సిరంజిలో మందు మిగిలి ఉండాలి, అప్పుడే బుడగలు కనిపిస్తాయి. ఒక చోట చిన్న జారుడు చేతికి తెలుస్తుంది, సిరంజిలో బుడగలు గలగలా పైకి వస్తాయి. మొన ప్లూరా లోపల ఉంది. ఆగండి, ఒక్క మి.మీ. కూడా ముందుకు పోవద్దు. చూపుడువేలితో చర్మం దగ్గర సూదిని పట్టుకుని లోతు గుర్తుపెట్టుకోండి. ఇప్పుడు బుడగలు ఆగేదాకా కొద్దికొద్దిగా వెనక్కి తీయండి. బుడగలు ఆగిన చోటు బయటి ప్లూరాకు సరిగ్గా ఇవతల ఉంటుంది. 4 మి.లీ. అక్కడ, మొనను కాస్త అటూ ఇటూ మారుస్తూ ఇవ్వండి. ఊపిరితిత్తిని కప్పిన లోపలి ప్లూరాకు నొప్పి తెలియదు. ఛాతీ గోడను అంటిపెట్టుకున్న బయటి ప్లూరాకు పక్కటెముకల నరాలు నొప్పిని మోస్తాయి. ముందు ఇచ్చిన మందంతా ఈ పొరను మొద్దుబార్చడానికి వేసుకున్న దారి అనుకోవాలి. కొత్తవారు ఎక్కువగా బుడగలు రాగానే సంతోషపడి, ఉన్న మందంతా లోపలికి తోసేసి సూది తీసేస్తారు. మందు ప్లూరా లోపలి ఖాళీలో చెల్లాచెదరవుతుంది, పొర మాత్రం మేలుకునే ఉంటుంది.

ఇంతవరకు 12 మి.లీ. అయింది. మిగతా 3 మి.లీ. అట్టే పెట్టుకోండి. గొట్టాన్ని పట్టుదారంతో చర్మానికి కుట్టేటప్పుడో, మధ్యలో నొప్పి అన్నప్పుడో అవి కావాలి.

ఎంత లాగినా గాలి రాకపోతే ఆ చోట గొట్టం వేయవద్దు. సూది అందలేదా, ఊపిరితిత్తి అక్కడ గోడకు అతుక్కుని ఉందా, అసలు వైపు సరైనదేనా అని మళ్లీ చూడాలి. క్షయ వచ్చి తగ్గినవారిలో అతుకులు సర్వసాధారణం. అల్ట్రాసౌండ్ ఉంటే వాడండి, సీనియర్‌ను పిలవండి. మత్తు సూది ఇక్కడ దారి చూపే పరికరం కూడా, దాని మాట వినాలి.

గడియారం చూడండి

లిగ్నోకెయిన్ రెండు నుంచి ఐదు నిమిషాల్లో పట్టుకుంటుంది. నేను గోడ గడియారం చూసి ఐదు నిమిషాలు ఆగమంటాను. ఆ లోగా చేయవలసిన పని చాలా ఉంది. గొట్టాన్ని కలపబోయే సీసాలో స్టెరైల్ నీరు గీత వరకు ఉందా, సీసా లోపలి గొట్టం కొస 2 సెం.మీ. నీటిలో మునిగిందా, కనెక్టర్ సరిపోతుందా, కుట్టు దారం సిద్ధంగా ఉందా చూసుకోండి. ఐదు నిమిషాలయ్యాక ఫోర్సెప్స్ మొనతో చర్మం గిల్లి అడగండి. చర్మం మొద్దుబారితే లోపల కూడా మొద్దుబారిందని అర్థం కాదు. కోత పెట్టి కండ విడదీస్తూ ప్లూరా దగ్గరికి వచ్చాక ఇంకోసారి ఆగి, రోగి ముఖం చూసి, అవసరమైతే దాచుకున్న మందులో కొంత అక్కడ ఇచ్చి ముందుకు వెళ్లండి. కోత సూది వెళ్లిన దారిలోనే ఉండాలి. మత్తు ఒక సందులో ఇచ్చి గొట్టం పై సందులో వేస్తే ఆ మత్తు ఎవరికీ పనికిరాదు.

భయంతో వణికిపోతున్నవారికి కొద్ది మోతాదులో ఫెంటానిల్ లాంటి బలమైన నొప్పి మందు సీనియర్ పర్యవేక్షణలో ఇవ్వవచ్చు. అయితే ఈ రోగికి మిగిలిన ఊపిరి తక్కువ. లోకల్ సరిగా ఇవ్వని లోటును నిద్రమత్తుతో పూడ్చాలనుకోవడం ప్రమాదం. సీఓపీడీ ఉన్నవారిలో మరీనూ.

రోగితో మాట్లాడుతూనే ఉండండి

మందు రక్తంలో మితిమీరితే మొదట మాటలోనే తెలుస్తుంది. ‘‘పెదాలు తిమ్మిరెక్కుతున్నాయా? నోట్లో ఇనుము రుచి వస్తోందా? చెవుల్లో గుయ్‌మంటోందా?’’ అని మధ్యమధ్య అడగండి. మాట తడబడటం, కంగారు, కండరాలు అదరడం తర్వాతి మెట్లు. అక్కడి నుంచి ఫిట్స్, గుండె లయ తప్పడం, గుండె ఆగిపోవడం దాకా పోవచ్చు. అనుమానం రాగానే మందు ఆపాలి, గట్టిగా సాయం పిలవాలి, ఆక్సిజన్ పూర్తిగా ఇవ్వాలి, శ్వాస తగ్గితే బ్యాగుతో ఊదాలి. ఆ వైపు గాలి ఇంకా బయటికి వదలకపోయి ఉంటే, బ్యాగుతో ఊదేకొద్దీ అది టెన్షన్‌గా మారవచ్చు. అందువల్ల అదే క్షణంలో ఎవరో ఒకరు ఆ పక్క గాలి వదలాలి. ఫిట్స్‌కు మిడజోలామ్ లాంటి బెంజోడయజెపైన్ ఇవ్వాలి.

విరుగుడు 20% లిపిడ్ ఎమల్షన్, అంటే సిరలోకి ఎక్కించే కొవ్వు ద్రావణం. కిలోకు 1.5 మి.లీ. రెండు మూడు నిమిషాల్లో, తర్వాత నిమిషానికి కిలోకు 0.25 మి.లీ. చొప్పున. 50 కిలోల మనిషికి మొదటి విడత 75 మి.లీ. మొత్తం కిలోకు 12 మి.లీ. దాటకూడదు. గుండె ఆగితే సీపీఆర్ నడుస్తూనే ఉండాలి, అడ్రినలిన్‌ను కిలోకు 1 మైక్రోగ్రాముకు మించని చిన్న విడతల్లో ఇవ్వాలి. లయ తప్పిందని మళ్లీ లిగ్నోకెయిన్ ఎక్కించకూడదు. చూడటానికి తెల్లగా ఒకేలా ఉందని ప్రొపోఫాల్ అనే నిద్రమత్తు మందును లిపిడ్ బదులు వాడకూడదు. మీ ఆసుపత్రిలో లిపిడ్ ఎక్కడ ఉంటుందో ఈ రోజే వెళ్లి చూసి రండి. సాధారణంగా ఐసీయూలో, ఆపరేషన్ థియేటర్లో ఉంటుంది. ఆ అలమారా తాళం రాత్రి ఎవరి దగ్గర ఉంటుందో కూడా అడగండి.

చెమటలు పట్టి, నాడి నెమ్మదించి, కళ్లు తిరుగుతున్నాయంటే అది మందు విషం కాకపోవచ్చు, ప్లూరా తాకినప్పుడు సొమ్మసిల్లడం కావచ్చు. కాళ్లు ఎత్తిపెట్టి నాడి, బీపీ చూడండి.

గొట్టం వేశాక

గంట, రెండు గంటల్లో లిగ్నోకెయిన్ దిగిపోతుంది. నొప్పి మొదలయ్యాక నర్సును వెతుక్కోవడం కాకుండా, పారాసిటమాల్‌ను సమయం ప్రకారం రాసిపెట్టండి, కిడ్నీలు, కడుపు బాగుంటే దానికి తోడు ఇంకో నొప్పి మందు. మూడు బంతుల పరికరం చేతికిచ్చి ఊదించడం కాదు, పీల్చించాలి, దగ్గించాలి. భుజం మీద నొప్పి అంటే కుట్టు దగ్గర మళ్లీ మత్తు ఇవ్వవద్దు. డయాఫ్రమ్ (ఛాతీకీ పొట్టకూ మధ్యనున్న శ్వాస కండరం) మీది ప్లూరాకు గొట్టం కొస తగిలితే భుజంలో నొప్పి తెలుస్తుంది. ఎక్స్‌రే చూసి అవసరమైతే గొట్టం కాస్త వెనక్కి తీయాలి.

పక్కటెముకలు నాలుగైదు విరిగినవారికి మాత్రలు చాలవు. వీరికి మత్తు డాక్టరును పిలిచి అల్ట్రాసౌండ్ సాయంతో సెరేటస్ యాంటీరియర్ బ్లాక్ గానీ, ఎరెక్టార్ స్పైనీ బ్లాక్ గానీ చేయించండి. మొదటిది 2013లో, రెండోది 2016లో వైద్య పత్రికల్లో వెలువడిన పద్ధతులు. ప్లూరాకు దూరంగా కండర పొరల మధ్య మందు ఇస్తారు. పక్కపోటుతో ముడుచుకుని కూర్చున్న మనిషి బ్లాక్ తర్వాత వెనక్కి వాలి పూర్తిగా ఊపిరి తీసుకోవడం చూస్తే, ఇది ప్రతి ఆసుపత్రిలో ఎందుకు అందడం లేదని నాకు బాధ కలుగుతుంది. గొట్టం వేసేటప్పుడు వాడిన లిగ్నోకెయిన్ ఎంతో, ఎన్ని గంటలకో మత్తు డాక్టరుకు చెప్పండి. రెండు మందుల విషం కలిసి లెక్కకు వస్తుంది.

గాలి మళ్లీ మళ్లీ చేరేవారికి ప్లూరా రెండు పొరలూ అతుక్కునేలా టాల్క్, డాక్సీసైక్లిన్, పొవిడోన్ అయొడిన్ లాంటివి గొట్టం ద్వారా ఎక్కిస్తారు. ఇది చాలా నొప్పి పుట్టిస్తుంది. ముందుగా అదే గొట్టం ద్వారా లిగ్నోకెయిన్, కిలోకు 3 మి.గ్రా., 250 దాటకుండా ఇచ్చి కొంతసేపు ఆగుతాం. నొప్పి మాత్ర అంతకు ముందే వేయాలి.

వేరే పనికి మత్తు ఇవ్వవలసి వస్తే

ఊపిరితిత్తి ముడుచుకున్న రోగికి చేయి విరిగింది, లేదా పన్ను పీకాలి. పంటికి లోకల్ ఇవ్వడంలో ఇబ్బంది లేదు. నైట్రస్ ఆక్సైడ్ అనే మత్తు వాయువును మాత్రం దగ్గరికి రానివ్వకూడదు. అది గాలి నిండిన ఖాళీల్లోకి వేగంగా చేరుతుంది, 75% గాఢతలో పది నిమిషాల్లోనే ఆ గాలి పరిమాణాన్ని రెట్టింపు చేయగలదు.

భుజానికి ఇంటర్‌స్కేలీన్ బ్లాక్ (మెడ పక్కన ఇచ్చేది) ఇస్తే, మామూలు మోతాదులో దాదాపు ప్రతి రోగిలోనూ అదే వైపు డయాఫ్రమ్ పనిచేయడం ఆగిపోతుంది. కుడి ఊపిరితిత్తి ముడుచుకున్నవారికి ఎడమ భుజానికి ఈ బ్లాక్ ఇస్తే మిగిలిన ఆ ఒక్క పక్కా పోయినట్టే. కాలర్ ఎముక పైన ఇచ్చే బ్లాక్‌లోనూ డయాఫ్రమ్ దెబ్బతినవచ్చు, పైగా సూదే ప్లూరాకు తగిలే భయం ఉంది. చేతికి, ముంజేతికి అయితే చంకలో ఇచ్చే బ్లాక్ అడగండి. పూర్తి మత్తు తప్పనిసరి అయితే సాధారణంగా ముందు పక్కలో గొట్టం, తర్వాతే శ్వాసనాళంలో ట్యూబు. యంత్రం గాలి తోసినప్పుడు కారే గాలికి బయటికి దారి ఉండాలి. బుడగలు వస్తున్న గొట్టానికి, స్ట్రెచర్ మీద తీసుకెళ్లేటప్పుడు కూడా, క్లాంప్ వేయవద్దు. సీసాను ఛాతీ కంటే కిందనే ఉంచితే చాలు.

చేతి తొడుగులు తీశాక కేసు షీటులో ఒక వరుస రాయండి: మందు పేరు, శాతం, ఎన్ని మి.లీ., మొత్తం ఎన్ని మి.గ్రా., రోగి బరువు, సమయం, ఎంత లోతులో గాలి తగిలింది. రాత్రి రెండింటికి గొట్టం మూసుకుపోయి ఇంకోటి వేయవలసి వస్తే, డ్యూటీలో ఉన్న డాక్టరు ఎంత మందు వాడవచ్చో ఆ వరుస చూసే నిర్ణయించుకుంటాడు.